అండమాన్‌లో అత్తారిల్లు

పెళ్లయిన కొత్తలో మనిషికి బుద్ధి కాస్త పలచబడుతుందని పెద్దలెవరూ అన్నట్టు లేదు గానీ, అని ఉండాల్సింది. ఆ రోజుల్లో నెల్లిమర్లలోని మా ఇంట్లోంచి పెళ్లికొచ్చిన చుట్టాలు కదిలేవారు కాదు. హాల్లో మేనత్తలు, వరండాలో బాబాయిలు, సరిగ్గా మా గది గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని మా నాయనమ్మ. మా ఆవిడది కోటబొమ్మాళి. పెళ్లిచూపుల్లో నోరు మెదపలేదు, పెళ్లయ్యాకా 'ఊ', 'ఆ' తప్ప నేనేమీ వినలేదు. ఈ పిల్లకి నేను నచ్చానో, పెద్దవాళ్లు చేసుకోమంటే చేసుకుందో తెలియక నాకు అన్నం సయించేది కాదు. (రెండోసారి వడ్డించుకునే అన్నం. మొదటిసారిది బాగానే సయించేది.) ఎవరూ లేని చోట కూర్చోబెడితే తనే మాట్లాడుతుందని నా నమ్మకం. అందుకని ఫోన్లో వెతికి వెతికి అండమాన్‌లో ఒక దీవిని పట్టాను. సముద్రం ఒడ్డున గుడారాలు, కొబ్బరిచెట్లు, 'కుటుంబ సమేతంగా బస చేయండి' అని ప్రకటన. ఆ 'కుటుంబ సమేతంగా' అన్న ముక్కని నేను పట్టించుకోలేదు. కాకికి కూడా మనం తెలియని చోటని పొంగిపోయాను.

అక్కడ దిగగానే వంటాయన్ని, నా దగ్గరున్న హిందీ అంతా ఖర్చుపెట్టి, టీ అడిగాను. ఆయనా హిందీలోనే తలూపాడు. (హిందీలో తలూపడం ఎలాగని అడక్కండి.) గుడారంలోకి వచ్చి, గొంతు సవరించుకుని, "నీకు... నేనంటే..." అని మొదలుపెట్టానో లేదో, పరుపు కిందనుంచి ఎండ్రకాయ ఒకటి బయటికొచ్చింది. "ఓలమ్మో! ఏటిదీ!" అని మా ఆవిడ పెట్టిన కేక దీవంతా వినబడి ఉంటుంది. వంటాయన టీ గిన్నె వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఎండ్రకాయ వంక చూడనైనా లేదు.

"మనోలేనేటమ్మా? ఏ ఊరు?"

"కోటబొమ్మాళి," అంది మా ఆవిడ.

"ఓలమ్మ! మాది భావనపాడు కదేటి! ఎవులి పిల్లవి?"

"సంతకాడ బెల్లం కొట్టు తాత మనవరాల్ని."

"ఆ తాత సిన్నప్పుడు నాకు ఊరికే బెల్లంముక్క పెట్టీవోడు! మనిద్దరికీ తాతే. అయితే నువ్వు నాకు సెల్లివి," అని తేల్చేసి, నాకేసి తిరిగి రెండు చేతులూ చాచాడు. "బావా!"

మన జిల్లాల వాళ్లు తరాలుగా బతుకుతెరువుకి పోయి స్థిరపడిన చోటు అదేనని నాకు తెలుసు. టికెట్లు తీసేటప్పుడు గుర్తురాలేదు, అంతే. సాయంత్రానికి పడవ నడిపే కళింగపట్నం ఆయన నాకు మావగారయ్యాడు. వంటాయన భార్య మా ఆవిడకి వదినై, చేపల పులుసుతో దిగింది. "కొత్త పెళ్లికూతురు సముద్రం గాలికి ఒంటరిగా తొంగోకూడదు," అని ఆడవాళ్లంతా మా గుడారంలో చాపలు పరిచారు. "ఒంటరిగా కాదు, నేనున్నాను కదా," అన్నాను. "మొగోడివి, నీకేటి తెలుస్తాది!" అని నన్ను వంటాయన గుడారంలోకి తోలేశారు. ఆయన గురకకి అలల చప్పుడు వినబడలేదు. తెల్లారాక కొత్తల్లుడికి జరగాల్సిన మర్యాదలన్నీ జరిగాయి. టీలో ఉప్పు వేశారు. కూర్చోమన్న చాప కింద అప్పడాలు పరిచి, అవి ఫెళఫెళమంటే చప్పట్లు కొట్టారు. మిట్టమధ్యాహ్నం నా చెప్పులు మాయం చేశారు. కాలే ఇసకలో గెంతుకుంటూ వెళ్లి సముద్రంలో పడ్డాను. "అల్లుడు బాగా ఈదతన్నాడు!" అని మావ మెచ్చుకున్నాడు. నేను మునుగుతున్నాను. (మోకాలి లోతులోనే.)

ఒళ్లు మండిపోతూ ఒడ్డుకొచ్చేసరికి మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు వినడం నాకదే మొదలు. కొంగు చాటునుంచి చెప్పులు తీసి నా ముందు పెట్టింది.

"నేనే దాసినాను."

"నువ్వా? ఎందుకూ?"

"ఇష్టం లేపోతే దాస్తానేటండి?" అని, వదిన దగ్గరికి పరిగెత్తింది.

ఆ తర్వాత ఉప్పు టీ కూడా బాగానే ఉంది. తిరిగొచ్చే రోజు పడవ దగ్గర వంటాయన ఆమె చేయి నా చేతిలో పెట్టి, "మా సెల్లిని జాగర్తగా సూసుకో బావా," అని ఏడ్చాడు. అసలు అప్పగింతల్లో రాని కన్నీళ్లు నాకు అక్కడొచ్చాయి.

ఈ మధ్య నా చెప్పులు ఎప్పుడు చూసినా గుమ్మంలోనే ఉంటున్నాయి. ఒక్కోసారి కావాలనే వెతుకుతున్నట్టు నటిస్తాను. "కళ్లెదుట ఎట్టుకుని ఏటండీ ఆ దేవులాట!" అని మొదలుపెట్టి, మా ఆవిడ వంటింట్లోంచి ఓ అరగంట ఆపదు. నేను అక్కడే నిలబడి అంతా వింటాను. ఒకప్పుడు ఆమె నోటివెంట ఒక్క మాట వినడానికి సముద్రం దాటిన వాణ్ణి మరి.