కొండముచ్చు కడుపులో కాపురం

నా ఉద్యోగమే క్రిముల్ని పట్టుకోవడం. ఉక్కునగరం దగ్గర ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో ఏళ్ళ తరబడి మైక్రోస్కోపు ముందు కళ్ళు పోగొట్టుకున్నాను. ఇంటికొచ్చినా అదే యావ. నీళ్ళు కాచారా, చేతులు కడిగారా అని కనిపించినవాళ్ళనల్లా సతాయించేదాన్ని. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన్ని కాళ్ళు కడిగేదాకా గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. "ఇది ఇల్లా, ఆపరేషన్ థియేటరా?" అని ఆయన విసుక్కునేవారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో మా సెక్టారులో కోతుల బెడద ఎక్కువైంది. కిటికీల్లోంచి చేతులు పెట్టి పప్పు డబ్బాలు ఎత్తుకుపోయేవి. కోతులకు కొండముచ్చంటే హడలు. అందుకని క్వార్టర్లవాళ్ళమంతా కలిసి ఒక కొండముచ్చునీ, దాన్ని పెంచే మనిషినీ మాట్లాడుకున్నాం. అతనిది కంచరపాలెం. మా బ్లాకు వెనక రేకుల షెడ్డులో ఇద్దరికీ చోటిచ్చాం. కొండముచ్చు నడుముకి పొడుగాటి తాడు, ఆ తాడు ఎంతవరకు సాగితే అంతే దాని లోకం.

ఆంజనేయస్వామి రూపం కదా, మంగళవారం, శనివారం వస్తే దాని ముందు జనం వరస కట్టేవారు. అరటిపళ్ళు, గుగ్గిళ్ళు, మొక్కుకున్నవాళ్ళయితే వడల దండ. మిగతా రోజుల్లో ఎవరింట్లో మిగిలిన పెరుగన్నం వాళ్ళు తెచ్చేవారు. నేనూ పెట్టేదాన్ని. అది దేన్నీ కాదనేది కాదు.

అతను మాత్రం రోజూ రోడ్డు పక్కనుంచి రావి కొమ్మలు, చింత మండలు విరిచి తెచ్చి దాని ముందు నేలమీద పడేసేవాడు. ఆకుల మీద ప్లాంటు దుమ్ము ఎర్రగా పేరుకుని ఉండేది. చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

"ఆ మురికి ఆకులేంటి? రోగాలు రావూ? పెడితే శుభ్రంగా కడిగి పెట్టు" అన్నాను.

"అడవిలో ఎవులు కడిగి పెడతారమ్మా?" అని నవ్వాడు. "దీనికి ఆకే అన్నం. పళ్ళే పెడితే కడుపు ఉబ్బిపోతాది."

ఆ నవ్వు చూసేసరికి నాకు ఇంకా మండింది. "ల్యాబులో రోజూ చూసేది నువ్వా, నేనా?" అని నలుగురి ముందూ కసిరాను. షెడ్డులో కుళాయి లేదు. కొమ్మలకు కొమ్మలు కడగడం అతని వల్ల కాదని నాకు తెలుసు. మర్నాటి నుంచి ఆకులే మానేశాడు. నా మాట నెగ్గిందని సంబరపడ్డాను.

నెల తిరక్కుండా కొండముచ్చుకి విరేచనాలు పట్టుకున్నాయి. పొట్ట డప్పులా బిగిసింది. కోతులు గోడెక్కి కూర్చున్నా తల ఎత్తలేదు. దాని పెంట కాస్త సీసాలో పట్టుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను. కిటకిటలాడుతున్నాయి క్రిములు. ఇక ఆగుతానా? మనుషులకిచ్చే యాంటీబయాటిక్ క్యాప్సూళ్ళు విప్పి, ఆ పొడి అరటిపండులో కూరి, ఐదు రోజులు నా చేత్తో తినిపించాను. అది నా వేళ్ళు పట్టుకుని బుద్ధిగా తినేది. ఐదో రోజు మళ్ళీ చూస్తే క్రిములు బాగా పలచబడ్డాయి. ఆ సంగతి మా ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను.

ఆరో రోజు అది పండు కూడా ముట్టలేదు.

పెందుర్తి వైపు నుంచి పశువుల డాక్టరుగారిని పిలిపించాం. ఏం తింటోందో, ఏం మందిచ్చామో అన్నీ అడిగారు. నేను చెప్పాక దాని పొట్ట నొక్కి చూశారు.

"ఆవు గడ్డి అరిగించుకున్నట్టే ఇది ఆకు అరిగించుకుంటుందండీ. అసలు అరిగించేది ఇది కాదు, దీని కడుపులో కాపురముండే క్రిములు. కట్టేసి, ఆకు మాన్పించి, పళ్ళూ వడలూ పెట్టేసరికి వాటిలో చాలా పోయుంటాయి. మిగిలినవి మీ మందుకి పోయాయి" అన్నారు.

నాకు మా నాన్న గుర్తొచ్చారు. గోదావరి జిల్లాలో మా ఇంట్లో గేదె నెమరు మానేస్తే, నాన్న పక్క గేదె నోట్లోంచి నెమరు ముద్ద లాగి దీని నోట్లో కుక్కేవారు. నేను ఛీ అని ముక్కు మూసుకునేదాన్ని. రెండు రోజుల్లో ఆ గేదె మేత అందుకునేది. అది చూస్తూ పెరిగినదాన్నే నేను. నాలుగు అక్షరాలు వచ్చాక అదంతా మురికి అనిపించింది.

"అడవిలో తిరిగే కొండముచ్చు పెంట తెచ్చి దీనికి పట్టిస్తే?" అని నసిగాను.

"పనికొస్తే రావచ్చు. అంత వ్యవధి ఉందనుకోను" అన్నారు డాక్టరుగారు. ఆ మాట పూర్తికాకముందే, పక్కనే నిలబడి వింటున్న కొండముచ్చు మనిషి సైకిలెక్కి కొండల వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాటాక పెంట కట్టిన ఆకు పొట్లం ఒకటి, రావి కొమ్మ ఒకటి పట్టుకుని వచ్చాడు. అప్పటికే ప్రాణం పోయింది.

షెడ్డు వెనకే గొయ్యి తీశారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, ఎవరో అరటిగెల కూడా తెచ్చారు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నేను అతని దగ్గరికెళ్ళి, "నువ్వు మొదట్లోనే గట్టిగా చెప్పొచ్చు కదా!" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

"సెప్పినాను గదమ్మా. మీరు సదువుకున్నోరు, నాకన్నా మీకే తెలుసుంటాదనీసి ఊరుకున్నాను" అన్నాడు.

తెచ్చిన రావి కొమ్మని గోతిలో వెయ్యబోయి ఆగాడు. దాని మీద దారి దుమ్ము. నా వంక చూశాడు. ఆ ముఖంలో వెటకారం ఏ కోశానా లేదు. ఉంటే బాగుండేది.

"కడిగి ఎయ్యాలేటమ్మా?" అని అడిగాడు.