నెక్కొండల నిలవడ్డ జున్నుపాలు

ఆ పొద్దున మా బర్రె ఈనింది. తొలిపాలు పిండి, క్యాన్ల పోసి, తడిగుడ్డ చుట్టి కేసముద్రంల ప్యాసింజర్ ఎక్కిన. వరంగల్ల నా బిడ్డకు నెల తప్పిన కాన్నుంచి ముద్ద లోపలికి పోతలేదు. ఏది తిన్నా కక్కుడే. "అమ్మా, జున్నైతే తింటనే" అని ఫోన్ల అడిగింది. ఆ మాటకు నా పానం లేచొచ్చింది. ఉడుకుడుకుగ వండి పెడుదమని పచ్చిపాలే పట్టుకపోతాన్న.

నెక్కొండల బండి ఆగింది. ఆగుడంటె ఆగుడే. ఎండ కిటికీలకెల్లి క్యాన్ మీదనే పడ్తాంది. పక్క పట్టాల మీద తెల్ల ఎక్స్‌ప్రెస్ బండి ఒకటి రయ్యిన పోయింది. ఇగ కదులుతదనుకున్నం. ఇంకోటి పోయింది.

ఎదురుంగ కూసున్నాయన బట్టల దుకాణంల గుమస్తా. రోజూ ఇదే బండికి పోతడట. "ఫికర్ చెయ్యకు అక్కా. ఉరుకుడు బండ్లకు వేరే లైన్ ఏస్తరట. అవి అటు పోతె ఈ పట్టాలన్నీ మనయే" అన్నడు.

"పెండ్లిల అల్లుండ్లకు వేరే బంతి ఏస్తె మనకు కూర ముందొస్తదా తమ్మీ? వడ్డించేటోళ్ళంత అటే ఉరుకుతరు."

"జాగ దొరుకుతది గదక్కా!"

"దొరుకుతది. ఆ జాగల మన బండి నడుపుతరో, బొగ్గు బండి నడుపుతరో?"

మాట నోట్ల ఉండంగనే బొగ్గు మాల్‌గాడి వచ్చింది. డబ్బా ఎనుక డబ్బా, తెగుతలేదు. ఆయన నవ్వాపుకోలేక, "నువ్వు మంత్రివి కావాలె అక్కా" అన్నడు.

"నాకెందుకు? నేను వరంగల్ల దిగితె చాలు."

కొత్త లైన్ వద్దని నేనంటలేను. వెయ్యుండ్రి. గని ఖాళీ అయిన పట్టాల మీద మా అసొంటోళ్ళ బండ్లే నడుస్తయని ముందుగాలనే ఒప్పుకొని వెయ్యుండ్రి. లేకుంటె మేం నిలవడుడు నిలవడుడే.

ఎప్పటికో వరంగల్ల దిగి ఆటోల ఉరికిన. బిడ్డ గిన్నె కడుక్కొని పొయ్యికాడనే ఉన్నది. మూత తీసిన. పులిసిన వాసన గుప్పుమన్నది. అది నోరు మూసుకొని బయటికి ఉరికింది.

అది మళ్ళ లోపలికి వచ్చినంక, "రేపు బస్సుకు తెస్త బిడ్డా" అన్న.

"రేపటికి పాలు పలుచనైతయి గదనే అమ్మా?"

"అయితె అయితయి! పలుచనైనా జున్నే!" అని గయ్యిమన్న.

అది గోడకానుకొని కూసున్నది. రైలు మీది కోపమంత, పొద్దట్నుంచి ఏం తినని పిల్ల మీద తీసిన.