పోటు రాకముందే ముగిసిన సభ

కాకినాడ అవతలి మడ అడవులకు వెళ్ళాలనుకునేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను మాత్రం అడవి చూడటానికి వెళ్ళలేదు, సభకు వెళ్ళాను. మడ అడవులు, కాలువ గట్లు, చెరువు పోరంబోకులు లాంటి అందరి భూముల సంరక్షణకు ఏటా తప్పనిసరిగా కొంత నిధి ఇచ్చేలా చట్టం తెద్దామని ప్రభుత్వం అనుకుంటోందనీ, దాని మీద జనం ఏమంటారో ఊరూరా అడుగుతారనీ పేపర్లో జిల్లా పేజీ మూల చిన్న వార్త పడింది. కోరంగి దగ్గరి ఒక పల్లెలో సభ ఎప్పుడో కూడా అందులోనే ఉంది. రాజమండ్రిలో నాతో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే నలుగురూ ఎగిరి గంతేశారు, తామూ వస్తామన్నారు. తీరా సభ రోజుకి ఒకావిడకు మోకాలి నొప్పి, ఒకావిడకు చుట్టాలు, మిగిలిన ఇద్దరికీ ఫోనెత్తే తీరిక కూడా లేదు. నేను రిటైరైన హిందీ టీచర్ని. ఇంట్లో ఒక్కదాన్నే, ప్రయాణాలూ ఒక్కదాన్నే. అలవాటే గానీ, ఆ రోజు బస్సులో పక్క సీటు ఖాళీగా కనిపిస్తుంటే మనసుకు కష్టంగానే అనిపించింది.

రాజమండ్రిలో ఆరున్నరకు ఎక్కితే కాకినాడకు రెండు గంటల ప్రయాణం, టికెట్టు వంద రూపాయల లోపే. బస్టాండు బయట పెసరట్టు ఉప్మా తిని, యానాం బస్సెక్కి, కోరంగి దాటాక రోడ్డు మీద దిగాను. అక్కడి నుంచి మత్స్యకారుల పల్లెకు షేర్ ఆటోలు తిరుగుతాయి, ఇరవై రూపాయలు. సభకని చెప్తే డ్రైవరు వెనక్కి తిరిగి మరీ చూశాడు.

"ఇప్పుడక్కడెవరుంటారండీ? నీరు తీసే వేళ కదండీ, అందరూ పాయల్లోకి ఎళ్ళిపోయుంటారు."

సముద్రం నీరు వెనక్కి తగ్గే ఆటు వేళలోనే అక్కడివాళ్ళు అడవిలోని పాయల్లో పీతలూ గుల్లలూ ఏరుకుంటారట. ఆ మాట నాకు పూర్తిగా తలకెక్కేసరికి షామియానా ముందు దిగాను. లోపల వరసలు వరసలుగా కుర్చీలు, బల్ల వెనక ఒక అధికారి, గుమాస్తా. పక్కన పొయ్యి మీద పులిహోరకు పోపు వేగుతోంది. జనం లేరు. నేను వెళ్ళి ముందు వరసలో కూర్చోగానే అధికారి ముఖం వెలిగింది.

"రండి రండి మేడమ్ గారూ. మీది ఈ ఊరేనాండి?"

"కాదండి, రాజమండ్రి. చట్టం రావాలని చెబుదామనే వచ్చాను."

ఆయన ముఖం మళ్ళీ మామూలైపోయింది. "ఈ ఊరివాళ్ళ మాటే రాసుకోవాలండి, రూలు."

"మరి ఎవరూ రాకపోతే?"

"స్పందన లేదని రాస్తామండి. నిధి వచ్చినా, జనం అడిగిన చోట్లకే ముందు వెళ్తుంది."

చట్టం కావాలని చెప్పడానికి అంత దూరం వెళ్తే నా మాట లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చేవాళ్ళు బురదలో ఉన్నారు. అన్ని ఖాళీ కుర్చీల మధ్య కూర్చుంటే, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పటికంటే ఎక్కువ దిగులు కమ్మింది.

వంట చేస్తున్న అప్పారావు గారిది ఆ ఊరే. వంట దించాక, నన్ను ఇళ్ళ వెనక్కి తీసుకెళ్ళి మడ మొక్కలు చూపించారు. అవి ఊరి ఆడవాళ్ళు నాటినవి. ఆయన కూతురు మంగ కూడా అందులో ఉంది. పోటు నీరు మొక్కల దాకా రావడానికి చేప ముల్లు ఆకారంలో సన్న కాలువలు తవ్వారు. ఏదో పథకం డబ్బుతో కొన్నాళ్ళు ఏటా పూడిక తీశారు. పథకం అయిపోయింది, కాలువలు పూడిపోయాయి. నా భుజం ఎత్తు పెరిగిన మొక్కలు చివర్ల నుంచి ఎండుకొస్తున్నాయి.

"ఇంకో రెండేళ్ళు ఇలాగే వదిలేస్తే కట్టెపుల్లలేనండి," అన్నారాయన.

ఒంటిగంటకు అధికారి లేచారు. పోటుతో పాటు మూడింటికల్లా పడవలు తిరిగొస్తాయట, కాస్త ఆగండని బతిమాలాను. అప్పారావు గారూ అడిగారు, పోనీ తన మాటైనా రాసుకోమన్నారు. సభ వంటకు కూలి తీసుకున్నవాళ్ళ మాట పనికిరాదట. "ఇంకో ఊళ్ళో సభ ఉందండి, జీపు కూడా నా చేతిలో లేదు," అన్నారు అధికారి. చెడ్డ మనిషేమీ కాదు. పులిహోర బావుందని కూడా చెప్పి వెళ్ళారు.

చెప్పినట్టే మూడు దాటుతుండగా పడవలొచ్చాయి. ఆడవాళ్ళు ఇళ్ళకు కూడా వెళ్ళకుండా, మోకాళ్ళ దాకా బురదతో నేరుగా షామియానా కిందికి వచ్చారు. అందరికంటే ముందు మంగ.

"ఎళ్ళిపోయారా? పొద్దుట్నించీ పాయలో అనుకుంటానే ఉన్నామండి, ఎవరేం చెప్పాలో. నాకు కాలవల సంగతి ఒప్పజెప్పారు."

"నాకు చెప్పమ్మా," అన్నాను.

ఆమె నా వైపు తిరగలేదు. కొంగు పిండుకుని భుజాన వేసుకుని, ఖాళీ బల్ల ఎదురుగా నిలబడింది.

"అయ్యా, ఈ మడ మాది కాదండి, గవర్నమెంటుది. మొక్క మేం పెట్టాం, కాలవ మేం తవ్వాం. ఏటా పూడిక తియ్యకపోతే ఉప్పు తేలి చెట్టు ఎండిపోద్దండి. మాకు ఊరికే డబ్బులొద్దు, పనికివ్వండి. తుఫానొస్తే మా ఇళ్ళకి అడ్డం అదేనండి."

వెనక ఉన్నవాళ్ళంతా "అవునండి" అన్నారు. రాసుకోవడానికి ఎవరూ లేరు. కాసేపటికి షామియానా వాళ్ళు వచ్చి కుర్చీలు ఎత్తడం మొదలుపెట్టారు. తండ్రి నా సంగతి చెబితే మంగ అప్పుడు నన్ను చూసి, "మీరు మా కోసం రాజమండ్రి నించి వచ్చారాండీ? ఒక్కరేనా?" అంది. ఒక్కదాన్నేనని తలూపి, నా కుర్చీ తీసి షామియానా వాళ్ళకిచ్చాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు? ఆ చట్టం వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా ఆ ఊరి పేరు పక్కన స్పందన లేదనే ఉంటుంది. ఎవరికీ పట్టని భూములని మనం అనుకునేవాటికి కావలసినవాళ్ళున్నారు. మనం వెళ్ళే వేళకు వాళ్ళు పనిలో ఉంటున్నారు, వాళ్ళు వచ్చే వేళకు మనం ఉండటం లేదు. మీరు వెళ్ళేట్టయితే ఒక్క సూచన. బస్సు టైముతో పాటు, ఆ రోజు పోటు ఎప్పుడో కాకినాడ చేపల రేవులో ఎవరినైనా అడగండి. పడవలు తిరిగొచ్చే వేళకు ఊరు చేరండి, వాళ్ళు చెప్పడం అయ్యేదాకా లేవకండి.