షడ్డకుడి సంచీలో మంకీ క్యాపు వెతికిన వైనం

తిరుపతిలో కాపురమున్నవాడికి చుట్టాలతో తగవు పెట్టుకునే హక్కు లేదు. కొండకు వచ్చేవాళ్లందరికీ వాడి ఇల్లే సత్రం. అది తెలిసి కూడా, ఒక మంకీ క్యాపు కోసం నా భార్య సొంత అక్కను ఖాళీ కడుపుతో వెళ్లగొట్టబోయిన ఘనుణ్ణి నేను. నా పరువు ఎంత పోయిందో చివరిదాకా చదివి మీరే తూచుకోండి.

ఏడేళ్ల కిందటి మార్గశిర మాసం. నా భార్య రేవతి అక్కా, ఆమె భర్త మునిరత్నమూ పలమనేరు నుంచి దర్శనానికి వచ్చారు. మునిరత్నం నాకు షడ్డకుడు. వయసులో పెద్ద కాబట్టి పైకి అన్నా అంటాను. లోపల అనేది వేరే. తన గృహప్రవేశంలో ఆయన నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టాడు. ఆ పంక్తి వచ్చేసరికి పాయసం అయిపోయింది. మీరైతే మరిచిపోయేవారేమో. పాయసం పడని ఆ విస్తరాకు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

కొండమీద గుండు చేయించుకుని, చందనం పూసిన తలతో మునిరత్నం దిగివచ్చాడు. గడపలోనే అడిగాడు.

"అప్పా, తలమీద ఐసుగడ్డ పెట్టినట్టుండాది. నీ కాడ మంకీ క్యాపు ఏమన్నా ఉండాదా?"

ఉంది. ఆకుపచ్చ ఉన్నిది, గోడ అరలో మడతపెట్టి ఉంది. కానీ పాయసం గుర్తొచ్చింది.

"లేదన్నా," అన్నాను.

వాళ్లు వచ్చిన రోజు నుంచే ఇంట్లో విడ్డూరాలు మొదలయ్యాయి. నా సాక్సు ఒకటి, రేవతి జాకెట్టు, వదిన చేతిరుమాలు వరసగా మాయమయ్యాయి. మా పిల్లి చుక్కమ్మేమో పగలంతా ఒకటే ఏడుపు. అది మామూలు మ్యావు కాదు. బావి అడుగు నుంచి ఎవరినో పిలుస్తున్నట్టుండే పిలుపు. ఆకలేమోనని రేవతి పాలు పోసింది, ముట్టలేదు.

"నా గుండు సూసి జడుసుకున్నట్టుండాది," అన్నాడు మునిరత్నం.

నాకు మాత్రం విషయం అర్థమైపోయింది. యజమాని మనసు ఎరిగిన పిల్లి, ఈ మనిషిని భరించలేక నా తరఫున ఏడుస్తోంది!

మూడో రోజు పొద్దున వాళ్ల ప్రయాణం. నేను అర చూసుకున్నాను. క్యాపు లేదు. అదృష్టం తలుపు తట్టినట్టు, ఇన్నేళ్లకు నాకొక న్యాయమైన ఫిర్యాదు దొరికింది.

"అన్నా, నా మంకీ క్యాపు కనపడలేదు."

"ఏ క్యాపప్పా?"

"పచ్చది. అరలో ఉండేది."

"మొన్న లేదంటివి గదా?"

బుద్ధున్నవాడు ఇక్కడ నోరు మూసుకుంటాడు. నేను ఇంకా పెద్దగా తెరిచాను.

"లేదంటి. ఆ లేదన్నదే పోయింది."

"సూడప్పా, లేని టోపీ ఎట్ల పోతాది?"

"గుండుకు చలి పెడితే ఏదైనా పోతాది."

వదిన లేచి నిలబడింది. "ఏం మరిదీ, మా ఆయన్ని దొంగ అంటాండావా?"

"నేనేమీ అన్లేదు వదినా. ఆ సంచీ ఒకతూరి ఇప్పితే అందరికీ మంచిది."

ఆమె విప్పలేదు, నేలమీద బోర్లించేసింది. లడ్లు, గాజులు, తడి పంచె, తిరుచానూరు కుంకుమ పొట్లం పడ్డాయి. క్యాపు పడలేదు.

"పదండి," అంది భర్తతో. "ఈ ఇంట్లో పచ్చినీళ్లు గూడా మనకొద్దు."

రేవతి వంటింట్లోంచి చట్నీ గరిటెతో వచ్చింది. అరవలేదు. అదే నన్ను భయపెట్టింది. "మా యక్క తినకుండా గడప దాటితే, నేనూ ఆ బస్సే ఎక్కుతా."

సరిగ్గా అప్పుడు ఆ ఏడుపు వినబడింది.

పెరటి తలుపులోంచి చుక్కమ్మ వస్తోంది. నోట్లో నా క్యాపు! ఒక అంచు పట్టుకుని, మెడ పైకెత్తి, ముందుకాళ్ల మధ్య వేలాడే ఉన్నిని తొక్కకుండా కాళ్లు ఎడంగా వేస్తూ నడుస్తోంది. నడింట్లో క్యాపును మెల్లగా దించి, ఏడ్చింది. చెవులు నాలుగు మూలలకూ తిప్పి జవాబు కోసం ఆగింది. రాలేదు. మళ్లీ ఎత్తుకుని, మేమెవరమూ అక్కడ లేనట్టు మా మధ్యలోంచి వెళ్లి మంచం కింద దూరింది.

నలుగురం వంగి చూశాం. సాక్సు, జాకెట్టు, చేతిరుమాలు పక్కపక్కనే పడుకోబెట్టి ఉన్నాయి. క్యాపును వాటి పక్కన చేర్చి, అది ఒత్తిగిలి, పంజాతో వాటిని పొట్టకు లాక్కుని, ఒక్కొక్కదాన్నీ నాకసాగింది.

"ఎన్ని పిల్లల్ని పెట్టింది?" వదిన గుసగుసగా అడిగింది.

"నాలుగు," అంది రేవతి.

"యాడుండాయి?"

రేవతి నా వైపు చూసింది. వాళ్లు రావడానికి ముందురోజే, నా బూటు తడిపాయన్న కోపంతో, ఎలుకల బాధ ఉందన్న బియ్యం అంగడికి ఆ నాలుగు పిల్లల్నీ అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేసింది నేనే. "ఇంకా పాలు తాగుతాండాయి" అని రేవతి మొత్తుకున్నా వినలేదు.

నాలుగు పోయాయి, నాలుగు తెచ్చుకుంది. నా మీద పగబట్టలేదు, గీరలేదు. ఇల్లంతా పిలుస్తూ తిరిగి, మెత్తగా దొరికిన ప్రతిదానికీ తల్లి అయింది. గర్భగుడి ముందు కూడా నేను అంత నోరు మూసుకుని నిలబడలేదు.

మునిరత్నం నేలమీద బోర్లా పడుకుని చాలాసేపు చూశాడు. తరవాత లేచి నా భుజం తట్టాడు.

"తప్పుగా అనుకుంటినప్పా. నువ్వు నిజమే చెప్పినావు. ఆ క్యాపు నీది గాదు."

వదినకు కోపంలోనే నవ్వొచ్చింది. కూలబడి నవ్వింది. "రేవతీ, మాకు ఇడ్లీ పెట్టు. నీ మొగుడికి మాత్రం ఆ పిల్లలొచ్చినాకనే."

ఖాళీ కడుపుతో స్కూటరెక్కి పోయి, అంగడాయన ముందు చేతులు కట్టుకుని, పెట్టెను వెనక్కి తెచ్చాను. మంచం ముందు దించాను. చుక్కమ్మ ఒక్కో పిల్లనూ మెడ దగ్గర పట్టుకుని లోపల చేర్చింది. నాలుగోది చేరాక, క్యాపును ముక్కుతో బయటికి నెట్టేసింది. ఆ తరవాత ఏడవలేదు.

మునిరత్నం క్యాపు తీసుకుని మంచం కిందికి వంగాడు. "పెట్టుకోనా తల్లీ?"

నన్ను అడగలేదు, గమనించారా! పిల్లి వెంట్రుకలతో, పాల వాసనతో ఆ క్యాపు పెట్టుకునే పలమనేరు బస్సెక్కాడు.

కాబట్టి, ఇంటిల్లిపాది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా ఇంట్లో ఏ వస్తువు పోయినా చుట్టాల సంచీ ముట్టను. ముందుగా మంచం కింద దూరి, అక్కడున్న తల్లి అనుమతితో వెతుకుతాను. పాయసం సంగతి మాత్రం ఈ ప్రమాణంలోకి రాదు.