అవ్వ గుమ్మం మేకులు

మా పక్కింటి అవ్వ పోయింది. పొద్దున కోడలు లేపితే లేవలేదట. ఆ మాట వినగానే నాకు ఏడుపు కంటే ముందు సిగ్గేసింది. ఎందుకో చెప్పుకోవాలి.

బచ్చన్నపేట దగ్గర మా ఊళ్లో బెల్టుషాపు పెట్టించింది బయటివాళ్లు కాదు, మేమే. బొడ్రాయి పండుగ ఖర్చులకని ఊరంతా కూర్చుని, మందు అమ్ముకునే హక్కును హర్రాజు పెట్టాం. ఎక్కువ పాడినవాడిదే షాపు. అవ్వ ఒక్కతే లేచి, "దేవునికి దీపం పెట్టనీకి ఇండ్లల్ల దీపాలు ఆర్పుతరా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆమె కొడుకు తాగి బండి నడిపి జనగామ రోడ్డు మీద ప్రాణం పోగొట్టుకున్నాడని తెలిసి కూడా, నేనూ నవ్వాను.

షాపు సరిగ్గా ఆమె ఇంటి ఎదురుగానే వెలిసింది. జ్వరం గోలీ కావాలంటే మండలానికి పోవాలి, మందుకైతే వాకిలి దాటితే చాలు. పత్తి ఏరి వచ్చే ఆడవాళ్లు ఆ సందు వదిలి చుట్టూ తిరిగి ఇళ్లు చేరేవాళ్లు. అవ్వ మాత్రం అరుగు మీదే కూర్చునేది. తూలుతూ బయటికొచ్చిన ప్రతివాడి బండి తాళం గుంజుకుని, గుమ్మానికి కొట్టిన మేకులకు తగిలించేది.

"నడిచి పో కొడుకా. పొద్దుగాల వచ్చి తీస్కపో."

బూతులు తిట్టినవాళ్లూ ఉన్నారు. "తిట్టు బిడ్డా, తిట్టెతందుకన్న పానం ఉండాలె గద" అనేది. తెల్లారి తాళాల కోసం భార్యలు వస్తే చాయ్ పోసి పంపేది. మా ఆవిడ కూడా ఆ చాయ్ తాగింది.

మూడో రోజు పిట్టకు పెట్టాం. సమాధి దగ్గర ఆమెకు ఇష్టమైన జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. ఆనవాయితీ తప్పకూడదని ఎవరో గ్లాసులో మందు కూడా పోశారు. అవ్వకు మందు! మేమంతా నేల చూపులు చూశాం తప్ప, తీసేయమని ఒక్కరూ అనలేదు. కాకి ముట్టగానే కాళ్లు కడుక్కుని మగవాళ్లం షాపుకే పోయాం.

పొద్దు గూకే వేళకు, నాకు తమ్ముడి వరసైనవాడు తూలుతూ బండెక్కాడు. నేను తాళం మీద చేయి వేశాను.

"ఏందన్నా, నువ్వు అవ్వవైనవా?" అన్నాడు.

నా నోట్లోనూ అదే వాసన. చేయి తీసేశాను. బండి జనగామ రోడ్డు వైపు మళ్లింది. ఎదురుగా అవ్వ గుమ్మానికి మేకులు ఖాళీగా ఉన్నాయి.