‘పెట్టమ్మా, ఏం కాదు’

2022 ఎండాకాలంలో నేను పుంగనూరు అవతల, చౌడేపల్లె వైపు పల్లెల్లో పశువైద్యుడిగా పనిచేసేవాణ్ణి. కాపురం మదనపల్లెలో. పొద్దున బైకు మీద వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. అక్కడ ఇంటికి రెండు పాడి ఆవులైనా ఉంటాయి. టమాటాకు ధర లేని ఏడాది ఇల్లు నడిపేవి పాలే. అందుకే పశువుల డాక్టరంటే వాళ్లకు మర్యాద ఎక్కువ. ఆ మర్యాదను నేనెలా తిని కూర్చున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాగరాజు అనే ఆయన బెంగళూరులో కట్టడం పనులు చేయించి సంపాదించుకుని, సొంత ఊళ్లో ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి నన్నూ పిలిచాడు. కొత్త ఇంట్లోకి మనుషులకన్నా ముందు ఆవు అడుగు పెట్టాలి కదా. వీడియోలో బాగుంటుందని పుంగనూరు పొట్టి ఆవు కోసం చాలాచోట్ల అడిగాడట, దొరకలేదు. చివరికి పక్క వీధిలోని గంగులమ్మ ఆవును తోలుకొచ్చారు. ఎర్రటి జెర్సీ సంకరం. పేరు కెంపి. ఏడు నెలల చూలు. గంగులమ్మ పసుపు పూసి, కుంకుమ పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి తానే పలుపు పట్టుకుని నడిపించింది.

నున్నటి టైల్స్ మీద గిట్టలు జారుతుంటే గోనెసంచులు పరిచారు. నట్టింట్లో అది పేడ వేసేసరికి నాగరాజు మొహం వెలిగిపోయింది. వీడియో తీసేవాడు, "అప్పా, అది సరింగా పడలేదు, ఇంకొక తూరి ఏపిస్తారా?" అన్నాడు. ఇల్లంతా నవ్వులు. ఆ తర్వాత వచ్చిన చుట్టమల్లా ఆవుకు దండం పెట్టి ఒక అరటిపండో, దోసెడు బియ్యమూ బెల్లమో నోటికందించాడు. అందరితో పాటు నేనూ పెట్టాను.

మధ్యాహ్నం భోజనాలు. ఓళిగల మీద నెయ్యి, చిత్రాన్నం, వడలు, పాయసం. నాగరాజు నా పక్కనే నిలబడి వడ్డించాడు. "ఇంకొకటి సారూ, మా అత్త సేసింది, వద్దంటే ఆయమ్మ బాధపడతాది." నేను వద్దనలేదు. నిజానికి వద్దనే అలవాటు నాకు అప్పటికే పోయింది. ఆ పల్లెల్లో ఏ శుభకార్యమైనా డాక్టరుకు ఒక ఆకు ఉండేది, నేను ఆకు నిండా తినేవాణ్ణి. అది నా హోదాకు కొలత అనుకునేవాణ్ణి.

సగం భోజనంలో ఉండగా గంగులమ్మ పంక్తి వెనకగా వచ్చి వంగింది.

"సారూ, అన్నమూ పాయసమూ శానా మిగిలిపోయినాయి. పారబొయ్యడం యాల, ఆవుకు పెట్టమంటాండారు. పెట్టచ్చునా? సూలుది కదా అని అడగతాండాను."

ఎంత మిగిలిందని అడగాలి. పొద్దుటి నుంచి ఏమేం తినిందని అడగాలి. నోట్లో ఓళిగ ఉంది. చేయి ఊపి, "పెట్టమ్మా, ఏం కాదు. పండగ మనకేనా, దానికి లేదా?" అన్నాను. నా మాటకు పంక్తిలో అందరూ నవ్వారు. నాకూ నా మాట బాగున్నట్టే తోచింది.

ఈ వృత్తి తెలియనివారి కోసం ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆవు మొదటి పొట్టను రూమెన్ అంటాం. అది గడ్డిని నానబెట్టి పులియబెట్టే పెద్ద తొట్టి లాంటిది. అందులో ఉండే సూక్ష్మజీవులు గడ్డికి అలవాటుపడి ఉంటాయి. అలవాటు లేని ఆవు ఒక్కసారిగా అన్నమో, పిండో, తీపో ఎక్కువగా తింటే ఆ తొట్టంతా పాలు విరిగినట్టు పులిసిపోతుంది. దాన్ని ఎసిడోసిస్ అంటాం. ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేస్తుంది, ఆవు కూలబడిపోతుంది. పెళ్లిళ్ల కాలంలో మాకు తరచూ ఎదురయ్యే కేసు ఇది. నేను చదివినవాణ్ణి, చూసినవాణ్ణి, నయం చేసినవాణ్ణి. తెలియక అన్న మాట కాదు.

భోజనమయ్యాక నాకు నిలబడడం కూడా కష్టమైంది. కొత్త ఇంటి వరండాలో మంచం వేసి, ఫ్యాను పెట్టి పడుకోబెట్టారు. ఒకరు నిమ్మకాయ సోడా తెచ్చారు, ఒకరు వాము నమిలించారు, నాగరాజు భార్య జీలకర్ర కాచిన నీళ్లు తెచ్చింది. నా పొట్ట చుట్టూ అంత సేవ జరుగుతుండగా గంగులమ్మ మెట్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"సారూ, ఆవు నెమరేయలేదు. పండ్లు పటపట కొరకతాండాది. కాలితో పొట్ట తన్నుకుంటాండాది. ఒక తూరి వచ్చి సూస్తారా?"

ఆమె ఇల్లు వీధి మలుపు తిరగగానే. నేను లేవలేదు. "నాకే ఆయాసంగా ఉందమ్మా. నీ ఆవు పొట్ట నాకన్నా పెద్దది కదా, అరిగించుకుంటుంది. రొంత వాము, ఉప్పు తాగించు. పొద్దునకు సర్దుకుంటుంది" అన్నాను. ఆమె వెళ్లిపోయింది. ఎండ తగ్గాక నా కడుపు తేలికపడింది. బైకెక్కి మదనపల్లె వచ్చేశాను. ఆమె ఇంటి ముందు నుంచే వచ్చాను, ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోను. గంగులమ్మ భర్త మునెప్ప. "సారూ, ఆవు లెయ్యలేదు. యాడుండారు?"

వెళ్లేసరికి కెంపి నేలకు కరుచుకుపోయి ఉంది. కళ్లు గుంటలుపడ్డాయి. పుల్లటి వాసనతో బూడిద రంగు విరేచనం. ఎడమ డొక్క మీద పిడికిలితో ఒత్తితే సగం నిండిన కుండను కదిపినట్టు నీళ్ల చప్పుడు. ముందు రోజు మధ్యాహ్నమే గొట్టం వేసి పొట్ట కడిగి ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదని నా చేతికి తెలుస్తోంది.

గొట్టం దించి లోపలున్నది వీలైనంత బయటికి తీశాను. సోడియం బైకార్బనేట్, అంటే వంట సోడానే, నీళ్లలో కలిపి లోపలికి పంపాను. మెడ నరానికి సెలైన్ పెట్టాను. సీసా తర్వాత సీసా. గంగులమ్మ ఆవు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మునెప్ప మాత్రం నిలబడి తిడుతూనే ఉన్నాడు.

"దీనికి ఆశ సారూ. ఊరికే వచ్చిన బువ్వ కదా అని గంగాళం తెచ్చి దాని ముందర పెట్టింది. ఏమే, సూలావుకు అంత అన్నం పెడతారా ఎవురైనా? బుద్ధుండాదా నీకు?" నా వైపు తిరిగాడు. "మీరే సెప్పండి సారూ, పెట్టచ్చునా?"

సెలైన్ సీసా నా చేతిలో ఉంది. గంగులమ్మ తలెత్తింది. నేనిలా అన్నాను: "పెట్టకూడదమ్మా. అంత అన్నం పెడితే ఇట్లనే అవుతుంది."

ఆమె నన్ను ఒక్కసారి చూసి, మళ్లీ వంగి ఆవు మూతి తుడిచింది. "తప్పైపోయింది" అంది. ఎవరితో అందో తెలియదు.

ఆ తర్వాత ఆ ఇంటికి రోజూ వెళ్లాను. పిలవకపోయినా వెళ్లాను. ఊళ్లో వాళ్లు నన్ను మెచ్చుకున్నారు; పంక్తిలో నా మాటకు నవ్వినవాళ్లెవరూ ఆ సంగతి ఎత్తలేదు. "ఇట్లాంటి డాక్టరును యాడా సూడలేదప్పా" అని పాల కేంద్రం దగ్గర అనుకుంటుంటే విన్నాను. విని సంతోషించానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కెంపి లేచి నిలబడింది కానీ మేత ముట్టలేదు. పొట్టలో ఊరిన యాసిడ్‌కు లోపలి సూక్ష్మజీవులన్నీ చచ్చిపోయి ఉంటాయి. అలాంటప్పుడు ఆరోగ్యంగా ఉన్న మరో ఆవు నెమరు వేస్తుండగా నోట్లోంచి ఆ ముద్దను తీసి, గోరువెచ్చని నీళ్లలో కలిపి రోగి ఆవుకు తాగిస్తాం. మా భాషలో కడ్ ట్రాన్స్‌ఫర్. మరో పొట్టలోని జీవాన్ని ఇందులో నాటడం లాంటిది. గంగులమ్మ ఇల్లిల్లూ తిరిగి అడిగింది. "నా ఆవు నోట్లో సెయ్యి పెడతారా?" అని మొదట వద్దన్నవాళ్లు కూడా ఆమె మొహం చూసి ఒప్పుకున్నారు. కొన్నాళ్లు ఎండు రాగిగడ్డి, ఆ నెమరు నీళ్లు తప్ప మరేమీ పెట్టవద్దన్నాను. ఈసారి ఎంత గడ్డో, ఎన్నిసార్లో దగ్గరుండి చూపించాను.

ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "సారూ, నెమరేస్తాండాది! ఇనండి, ఇనండి." ఫోను ఆవు మూతి దగ్గర పెట్టినట్టుంది. గడ్డి నలిగే చప్పుడు, మధ్యలో ఆమె నవ్వు. నేను ఇంట్లో అన్నం ముందు కూర్చుని విన్నాను.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. ఎసిడోసిస్ దాటిన చూలు ఆవులు కొన్ని తర్వాత దూడను పోగొట్టుకుంటాయి. కెంపికీ అదే జరిగింది. పెయ్యదూడ. ఇంకా వెంట్రుకలు సరిగా రాలేదు. మునెప్ప దాన్ని గోనెలో చుట్టి చేని గట్టుకు తీసుకుపోతూ, భార్యను చూడకుండానే, "పెట్టినావు కదా, ఇంగ తిను" అన్నాడు. ఆ ఈతతో రావాల్సిన పాలు లేవు. ఆ ఇంట్లో ఏది తక్కువైనా ఆ మాటే తిరిగొచ్చేది. నేను మందులు ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా వింటూనే ఉన్నాను. రేపు చెబుదాం, కాస్త చల్లబడ్డాక చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను.

నాకు కుప్పం బదిలీ అయ్యింది. ఆర్డరు వచ్చాకే నాకు నోరు పెగిలింది. ఇక ఈ ఊళ్లో తిరిగే అవసరం లేదు కదా. ఆ ధైర్యం విలువ ఏపాటిదో నాకు తెలుసు. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: ఆ రోజు ఆమె నన్ను అడిగింది, నేను పెట్టమన్నాను, చూడమంటే రాలేదు, మునెప్పా, నువ్వు అడిగితే నా మాట దాచి తప్పు ఆమె మీదకే నెట్టాను.

మునెప్ప నేల చూశాడు. తర్వాత నవ్వేశాడు. "పోనీలే సారూ. మీకేం తెలుస్తాది, తింటాండే మనిషిని ఎవురైనా అడగతారా? ఆ ఆవు రాత అట్లుండాది." అంతే. భార్యను నెలల తరబడి పొడిచిన తప్పు నాదని తేలగానే, అతనికి అది తప్పులా కనిపించడం మానేసింది. కాఫీ తాగి పొమ్మన్నాడు.

గంగులమ్మ బైకు దాకా వచ్చింది. నేను తల దించుకుని, "ఆ రోజే చెప్పి ఉండాల్సిందమ్మా. నువ్వైనా చెప్పి ఉండొచ్చు కదా, సారే పెట్టమన్నాడని" అన్నాను.

"సెప్పుంటే మీకు కోపమొచ్చేది కదా సారూ" అంది మామూలుగా. "ఆ పొద్దు మీ సేతిలో సూది ఉండె. మీరు లేసి పోతే నా ఆవును ఎవురు సూస్తారు? తిట్లదేముండాది, నాకు కొత్తా."

అప్పటిదాకా నా తప్పు ఆమె మరిచిపోయిందని కొన్నాళ్లు, మంచితనంతో దాచిందని కొన్నాళ్లు అనుకున్నాను. ఆమె నాకు భయపడింది. ఆవు ప్రాణం నా చేతిలో ఉన్నంతసేపూ నా పరువు తన నెత్తిన మోసింది.

ఇప్పుడు కుప్పంలో ఉన్నాను. విందు తిన్న ఆవులు ఇక్కడా వస్తాయి, పక్కనే తిట్లు తినే ఆడమనిషీ ఉంటుంది. మందు కలపడానికి ముందు, ఇంట్లో అందరూ వింటుండగా, "ఇది పెట్టమని ఎవరు చెప్పారు?" అని అడుగుతున్నాను. నేను చెప్పినదేమైనా ఉంటే అది మొదట బయటపెడతాను. మర్యాద కొంచెం తగ్గింది, ఆకులు కూడా తగ్గాయి. నా సూది కోసం ఎవరూ నా ముందు నోరు మూసుకోకూడదు.