పైకి నొక్కితే కిందికి

మా పాత ఇంటి ఓనరు పోయారని గురువారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. కాఫీ తాగి, ఫ్యానులో ఏదో శబ్దం వస్తోందని స్టూలు తెమ్మన్నారట. అది తెచ్చేలోపే కుర్చీలో ఒరిగిపోయారట. పైనున్న ఫ్యానులో తేడా వినగలిగిన మనిషికి తన గుండెలో తేడా వినపడలేదు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి బెళ్ళందూరు నుంచి బయల్దేరాను.

బెంగళూరులో అద్దెకున్న మీకు ఓనరు అనగానే నీళ్ళ మోటారు వేళలు, గోడకు మేకు కొట్టొద్దనే హెచ్చరికలు గుర్తొస్తాయి. మా ఓనరుకూ అవన్నీ ఉండేవి. అయితే ఆయన తాతల కాలం నుంచి ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాడు. నగర్తపేటలో మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపు నడిపారు. చేతులు వణకడం మొదలయ్యాక కొడుకు ఆ షాపు మూయించాడు. ఒకసారి పక్కింటి గ్రైండరు విప్పి తిరిగి బిగించలేకపోయారని, మళ్ళీ పనిముట్ల పెట్టె ముట్టుకుంటే దాన్ని గుజరీకి వేసేస్తానని కూడా అన్నాడు. పాత ఇనుము కొట్టును ఇక్కడ గుజరీ అంటారు. ఆ మాటతో ఆయన సగం అయిపోయారు. అప్పటి నుంచి పై వాటాలో మా మిక్సీ తిరుగుతుంటే మెట్ల మీద నిలబడి వినేవారు. వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

ఆ వానాకాలంలోనే నా సెకండ్ హ్యాండ్ కారు డ్రైవరు వైపు కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయింది. కొత్త మోటారు తెప్పించాలి, వారం ఆగండి అన్నారు మెకానిక్‌లు. డోరుకు పాలిథిన్ కవరు అంటించుకుని నాలుగు రోజులు ఆఫీసుకు వెళ్ళాను. కొడుకు అత్తగారింటికి వెళ్ళిన ఆదివారం ఓనరు గేటు దగ్గర నన్ను పట్టుకున్నారు.

"ఏమప్పా, కారుకు గోచీ కట్టుకొని తిరగతా ఉండావు?"

"అద్దం పైకి రావట్లేదు అంకుల్."

"స్విచ్చు ఒత్తు. మాట్లాడాకు."

డోరుకు చెవి ఆనించారు. "ముందు చెవితో చూడల్ల, తరవాత కన్నుతో" అనేది ఆయన మాట. లోపల టిక్కుమంది తప్ప ఏమీ కదల్లేదు. ఫ్యూజు చూశారు, బాగుంది. మళ్ళీ ఒత్తమని చెప్పి, డోరు మీద అరచేత్తో ఒక్కటిచ్చారు. అద్దం రెండు వేళ్ళు లేచి ఆగింది.

"చూస్తివా? మోటారు బతికే ఉండాది. లోపల కార్బన్ అరిగిపోయిండాది, అంతే."

పనిముట్ల పెట్టె మంచం కింద నుంచి బయటికొచ్చింది. ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది. స్క్రూ మీద వణికి వణికి, సరిగ్గా గాట్లోకి వచ్చిన క్షణంలో స్క్రూడ్రైవరు టక్కున దించేవారు. నా పని అద్దం జారిపోకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకోవడం. ఆంటీ కాఫీ తెస్తే చిన్నపిల్లాడికి పట్టినట్టు నాకు పట్టించాల్సి వచ్చింది. మోటారుకు కరెంటు అందించే ఆ కార్బన్ ముక్కలకు బదులు ఓనరు పాత మిక్సీవి తీసి, వరండా గచ్చు మీద అరగదీసి సరిపెట్టారు. కాలిపోయిన కనెక్టరు కోసేసి, రెండు వైర్లనూ నేరుగా మోటారు వైర్లకు మెలేసి టేపు చుట్టారు. "విప్పేది ఎవురైనా విప్పుతారప్పా, మూసేదే పని" అంటూ డోరు మూశారు. రెండు స్క్రూలు మిగిలాయి. వాటిని నా చొక్కా జేబులో వేసి, "స్పేరు" అన్నారు.

పైకి నొక్కాను. అద్దం కిందికి పోయింది. కిందికి నొక్కాను. జామ్మని పైకొచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వైర్లు తారుమారయ్యాయి. మళ్ళీ డోరు విప్పుదామనుకునేలోపే గేటు దగ్గర కొడుకు బైకు ఆగింది. ఓనరు కళ్ళు ముందు పెట్టె మీదికి, తరువాత నా మీదికి వచ్చాయి. పరీక్షలో ఫెయిలైన పిల్లాడు ఇంటి ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు.

"అంకుల్ అద్దం బాగు చేసేశారు, చూడండి" అన్నాను కొడుకుతో. స్విచ్చు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి కిందికి నొక్కాను. అద్దం గర్వంగా పైకి లేచింది.

"పరవాలేదే నాయనా!" అన్నాడు కొడుకు తండ్రి వైపు తిరిగి. పెట్టె మంచం కిందికి కాక వరండాలోకి చేరింది. ఆ వారం నుంచే వీధిలో వాళ్ళ ఫ్యాన్లు, మిక్సీలు మళ్ళీ ఆయన దగ్గరికి రావడం మొదలెట్టాయి.

కొడుకు లోపలికి వెళ్ళాక ఓనరు నా చెవి దగ్గర, "చేతికి అలవాటవుతాది లేప్పా. స్వల్ప అడ్జస్ట్ చేసుకో" అన్నారు.

చేసుకున్నాను. ఎంతగా అంటే, ఒకసారి మా బావమరిది కొత్త కారులో, జోరు వానలో అద్దం మూయబోయి పూర్తిగా దించేసి, వెనక కూర్చున్న అత్తగారి పట్టుచీర తడిపేశాను. ఆమె ఇప్పటికీ నేను నడిపే కారెక్కరు. నా కారు వైర్లు మార్చడం అయిదు నిమిషాల పనేనన్నారు మెకానిక్‌లు. నేనే వద్దన్నాను. మీకు పిచ్చితనంగా తోచవచ్చు. ఆయన చేసిన ఆ తప్పును దిద్దే హక్కు నాకుందని ఎప్పుడూ అనిపించలేదు.

శ్మశానం నుంచి తిరిగొచ్చేటప్పుడు కొడుకును నా కారులో తీసుకొచ్చాను. తుంపర మొదలైంది. అద్దం మూశాను.

"ఏమన్నా, కిందికి ఒత్తితే పైకొచ్చిండాది?" అన్నాడు.

ఇక దాచి ఎవరిని కాపాడాలి? అంతా చెప్పాను, చెయ్యి అడ్డం పెట్టిన సంగతితో సహా. పొద్దుటి నుంచి కన్నీరు పెట్టని మనిషి పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "ఆ పెట్టె గుజరీకి వేసేసుంటే నాయన అప్పుడే పోయుండేవాడన్నా" అన్నాడు.

ఇంటి ముందు దిగాక అతను లోపలికి వెళ్ళలేదు. తాళం చెవి ఇమ్మని, తడి పంచెతోనే నా సీట్లో కూర్చున్నాడు. పైకి నొక్కాడు, అద్దం దిగింది. కిందికి నొక్కాడు, లేచింది. మూడోసారి నొక్కేటప్పుడు వంగి డోరుకు చెవి ఆనించాడు.